నంద్యాల దాటకముందే పడాల్సిన సూది

"ఇక్కడేముందప్పా, కర్నూలుకు పిలుచుకోని పోండి. ఆడైతే పెద్ద స్కానింగు ఉంటాది."

ఆళ్లగడ్డ, చాగలమర్రి, రుద్రవరం వైపు ఎవరికైనా నోరు వంకరపోయి, ఒకపక్క చెయ్యి కాలు పడిపోయిన రోజున ఇంటిముందు చేరిన జనంలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. మంచి కోరే అంటారు. కాస్త చదువుకున్నవాళ్లుంటే "సీటీలో ఏమీ కనపడదు, ఎంఆర్‌ఐ తీయిస్తే గాని అసలు సంగతి తేలదు" అని కలుపుతారు. రోజూ పేపరు చూసేవాళ్లుంటే "ఇప్పుడు 24 గంటల దాకా టైముందంట, కంగారు పడొద్దు" అని ధైర్యం చెబుతారు. ఈ మూడు మాటలకూ వేరు ఒకటే. బొమ్మ ఎంత బాగా వస్తే వైద్యం అంత బాగా జరుగుతుంది, అలాంటి బొమ్మ తీసే ఊరు ఎంత దూరమైనా పోవాల్సిందే అన్న నమ్మకం. ఈ నమ్మకం తప్పు. నడవగలిగి ఉండాల్సిన మనుషులను అది మంచానికి కట్టేస్తోంది.

పక్షవాతంలో స్కాన్ చేయాల్సిన మొదటి పని ఏమిటో ముందు తేల్చుకోవాలి. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడితే పక్షవాతం వస్తుంది. నాళం చిట్లి రక్తం లోపల కారినా వస్తుంది. ఐదుగురు రోగులను తీసుకుంటే దాదాపు నలుగురిది మొదటి రకం. బయటికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. అదే వంకర మూతి, అదే పడిపోయిన చెయ్యి, అదే తడబడే మాట. మొదటి రకానికి గడ్డను కరిగించే సూది వేయాలి. రెండో రకానికి అదే సూది వేస్తే ప్రాణం పోతుంది. ఎంత అనుభవమున్న వైద్యుడైనా మంచం పక్కన నిలబడి ఈ తేడాను నమ్మకంగా చెప్పలేడు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రంలో మొదటి రోగి తలను చూశారు. కారిన రక్తం ఆ బొమ్మలో తెల్లగా కనిపిస్తుంది. తెలుపు ఉందా, లేదా? సూది వేసే వైద్యుడు స్కాన్‌ను అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఇదే. జవాబు చెప్పడానికి మామూలు సీటీ చాలు. బల్లమీద పడుకోబెట్టాక తల మొత్తం తీయడానికి నిమిషం కూడా పట్టదు.

ఇక్కడే మనవాళ్లు పెద్ద పొరపాటు పడుతున్నారు. నాళం పూడుకున్న మొదటి కొన్ని గంటల్లో సీటీ తీస్తే చాలామందిలో మెదడు మామూలుగానే కనిపిస్తుంది. దెబ్బతిన్న భాగం రంగు మారి స్పష్టంగా తేలడానికి గంటలు పడుతుంది. కాబట్టి రిపోర్టులో ‘నార్మల్’ అని వస్తుంది. ఆ ముక్క చూడగానే ఇంటిల్లిపాదీ రెండు వర్గాలవుతారు. స్కాన్‌లో ఏమీ లేదంటున్నారు కదా, బీపీ ఎక్కి ఉంటుంది, ఇంటికి పోయి ఆకుమందు వేయిద్దాం అంటుంది ఒక వర్గం. ఈ మిషను పాతది, దీంట్లో తెలియలేదు, ఎంఆర్‌ఐ ఉన్న చోటికి పోదాం అంటుంది రెండో వర్గం. రెండూ ఆ కాగితాన్ని తలకిందులుగా చదవడమే. చెయ్యి పడిపోయి ఉండగా సీటీ నార్మల్ వచ్చిందంటే రక్తం కారలేదని, మెదడు ఇంకా పెద్దగా చావలేదని అర్థం. సూది వేయడానికి అంతకంటే మంచి కబురు లేదు. పక్షవాతం ఉందో లేదో చెప్పేది పడిపోయిన చెయ్యి. చక్కెర పడిపోయినా ఒక్కోసారి ఇలాంటి లక్షణాలే వస్తాయి కాబట్టి వేలి మీద ఒక చుక్క రక్తంతో షుగర్ చూసుకుంటే ఆ అనుమానమూ తీరుతుంది.

"అంత మాత్రం బొమ్మతో అంత ప్రమాదకరమైన మందు ఎలా వేస్తారు?" అని అడిగేవాళ్లకు ఆ మందు పుట్టుకే జవాబు. గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ పక్షవాతంలో పనిచేస్తుందని తేల్చిన అమెరికా ఎన్‌ఐఎన్‌డీఎస్ పరిశోధన 1995లో వెలువడింది. లక్షణాలు మొదలైన 3 గంటల్లోపు వచ్చిన 624 మంది మీద జరిగింది. వాళ్లకు రక్తస్రావం లేదని తేల్చింది మామూలు సీటీయే. ఎంఆర్‌ఐ కోసం ఎవరినీ ఆపలేదు. మూడు నెలల తర్వాత చూస్తే, ఏ లోపమూ లేకుండానో నామమాత్రపు లోపంతోనో బయటపడే అవకాశం సూది పడినవాళ్లలో కనీసం 30 శాతం ఎక్కువగా ఉంది. ప్రమాదమూ ఉంది, దాన్ని దాచకూడదు. మెదడులో రక్తం కారి పరిస్థితి విషమించినవాళ్లు సూది పడినవాళ్లలో 6.4 శాతం, పడనివాళ్లలో 0.6 శాతం. అయినా మూడు నెలల నాటికి మరణాలు సూది పడినవాళ్లలో 17 శాతం ఉంటే పడనివాళ్లలో 21 శాతం. రోగి బంధువులకు ఈ అంకెలన్నీ చెప్పాలి. చెప్పి ఒప్పించాలి. ప్రమాదమొక్కటే చెప్పి పంపించేయడం నిజం చెప్పడం కాదు.

2008లో ఎకాస్-3 అనే యూరప్ పరిశోధన ఈ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. గడువు పెరిగింది కదా అని నింపాదిగా ఉండటానికి లేదు. అప్పటిదాకా జరిగిన పెద్ద పరిశోధనలన్నీ కలిపి 2014లో లెక్క కట్టారు. 3 గంటల్లోపు సూది పడిన ప్రతి 100 మందిలో 33 మంది దాదాపు మామూలు మనుషులయ్యారు, సూది లేనివాళ్లలో 23 మంది. 3 నుంచి నాలుగున్నర గంటల మధ్య సూది పడినవాళ్లలో 35 మంది, లేనివాళ్లలో 30 మంది. అంటే వందకు పదిమంది అదనంగా బాగుపడేచోట, గంటన్నర ఆలస్యమయ్యేసరికి ఐదుగురే బాగుపడ్డారు. గంటన్నర అంటే మనకు నంద్యాల నుంచి కర్నూలు.

ఆ దారి ఒకసారి లెక్క వేద్దాం. రుద్రవరం పక్కన ఒక పల్లెలో ఉదయం 6 గంటలకు కళ్లాపి చల్లుతూ ఒక ఆమె పడిపోయిందనుకోండి. ఇంట్లోవాళ్లు లేపి, నీళ్లు తాగించబోయి, ఆర్‌ఎంపీని పిలిపించి, ఆయన బీపీ చూసి ఇది పక్షవాతమే అనేసరికి 6.45. (ఆ బీపీ చూసి నాలుక కింద మాత్ర పెట్టే అలవాటు ఇంకా ఉంది. పూడుకున్న నాళం అవతల ఉన్న మెదడు అప్పుడు ఆ బీపీ తోపు మీదే బతుకుతుంటుంది. మాత్రతో ఒక్కసారిగా దించేస్తే ఆ కాస్త ఆధారమూ పోతుంది. మింగడం కూడా సరిగా రాని మనిషికి నీళ్లూ మాత్రలూ నోట్లో వేయకూడదు.) 108 వచ్చి ఆళ్లగడ్డ చేరేసరికి 7.40. అక్కడ సెలైన్ పెట్టి చీటీ రాసి పంపితే, 40 కిలోమీటర్లు దాటి నంద్యాలలో అడుగుపెట్టేసరికి 8.45. ఊళ్లో సీటీ యంత్రం ఉంది. నేరుగా బల్లమీదికి చేర్చి, తెలుపు లేదని చూసి, అక్కడే సూది వేస్తే 9.15. మొత్తం మూడుంపావు గంటలు. ఆమెకు ఇంకా మంచి అవకాశమే ఉంది.

ఇప్పుడు రెండో దారి. "కర్నూలు పెద్దాసుపత్రికి పోదాం" అన్నారు. ప్రైవేటు అంబులెన్సు మాట్లాడుకుని, డబ్బు సర్దుకుని బయల్దేరేసరికి 9.20. పాణ్యం, ఓర్వకల్లు దాటి కర్నూలు పొలిమేరలోకి వచ్చేసరికి 10.30. నాలుగున్నర గంటలు సరిగ్గా అక్కడ తీరిపోయాయి. ఇంకా చీటీ రాయించాలి, స్కాన్ దగ్గర వంతు రావాలి. పెద్ద నాళం పూడుకున్నప్పుడు మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో అమెరికా నాడీవైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కగట్టారు. గంటకు 11 కోట్ల పైన. కర్నూలులో తీసిన బొమ్మలో జబ్బు నంద్యాలలో కంటే బాగా కనిపిస్తుందనడంలో సందేహం లేదు. ఈలోగా జబ్బు పెరిగింది కాబట్టి కనిపిస్తుంది.

ఈ పూడిక సంగతి కేసీ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తూము దగ్గర మట్టి పడి నీళ్లు ఆగిపోతే పైరంతా ఒకేసారి చావదు. తూముకు దగ్గరగా, వేరే దారి లేని మడి ముందు ఎండుతుంది. చుట్టుపక్కల మళ్లు వాడిపోయి తల వాలుస్తాయి. పక్క పొలం గట్టు నుంచి ఊట నీళ్లు అందే మళ్లు ఇంకొన్నాళ్లు నిలబడతాయి. ఎండిన పైరుకు నీళ్లు పెట్టినా లేవదు. వాడిన పైరు లేస్తుంది. మెదడులోనూ అంతే. ఎండిన భాగం, వాడిన భాగం, పక్క నాళాల ఊట. ఆ వాడిన భాగానికే వైద్యులు పెనంబ్రా అని పేరు పెట్టారు. ఎంఆర్‌ఐతోనూ, మెదడులో రక్తం పారే వేగాన్ని కొలిచే పర్‌ఫ్యూజన్ సీటీతోనూ ఎండినదెంతో వాడినదెంతో విడదీసి చూడొచ్చు. గొప్ప విద్య అది. కానీ నీళ్లు ఆగి గంట కూడా కాని పొలంలో ఎన్ని మళ్లు వాడాయో కొలిచి పటం గీసేదాకా తూము తీయకుండా కూర్చునే రైతు ఉంటాడా?

అవతలివాళ్ల దగ్గర ఉన్న బలమైన వాదన ఆలస్యంగా వచ్చేవాళ్ల గురించి. అది నిజంగా బలమైనదే. పెద్ద నాళం పూడుకున్నవాళ్లకు తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే థ్రాంబెక్టమీ చికిత్స వచ్చింది. 2018లో వెలువడిన డాన్ పరిశోధనలో 6 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 206 మందిని తీసుకున్నారు. గడ్డ తీసినవాళ్లలో 49 శాతం మంది మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలిగారు, తీయనివాళ్లలో 13 శాతమే. అదే ఏడాది డిఫ్యూజ్-3లో 6 నుంచి 16 గంటల మధ్య వచ్చినవాళ్లకు ఆ అంకెలు 45, 17. ఇంత తేడా పక్షవాతం వైద్యంలో అరుదు. దీన్ని సాధ్యం చేసింది మంచి బొమ్మలే. నేను దాన్ని కాదనను.

అయితే ఆ పరిశోధనల్లోకి ఎవరిని తీసుకున్నారో చూడండి. పెద్ద నాళం పూడుకుని ఉండాలి, లక్షణాలు తీవ్రంగా ఉండాలి, అయినా ఎండిన భాగం చిన్నదిగా మిగిలి ఉండాలి. అంటే ఊట బాగా అందే పొలాలను ఏరి తీసుకున్నారు. మిగతావాళ్లను వద్దన్నారు. పేపర్లో "24 గంటల దాకా టైముంది" అని రాసేసరికి ఆ ఏరివేత సంగతి రాలిపోయింది. అది అందరికీ ఇచ్చిన గడువు అనుకున్నారు జనం. ఏ ఒక్క రోగికీ, పడిపోయిన క్షణంలో, తన మెదడులో ఊట ఉందో లేదో తెలియదు. చిన్న నాళం పూడుకున్నవాళ్లకు ఈ 24 గంటల లెక్క వర్తించనే వర్తించదు. వాళ్లకు మిగిలింది ఆ నాలుగున్నర గంటల సూదే. "కంగారు పడొద్దు" అన్న ఓదార్పు ఆ సూదిని దూరం చేస్తుంది.

ఇంకో సంగతి. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఏరడానికి కూడా అన్నిచోట్లా ఖరీదైన బొమ్మే కావాలన్న మాట తర్వాతి ఏళ్లలో సడలిపోయింది. 2022లో వెలువడిన క్లియర్ అనే అధ్యయనం ఐదు దేశాల్లో ఆలస్యంగా వచ్చి గడ్డ తీయించుకున్న 1,604 మందిని పరిశీలించింది. మామూలు సీటీ చూసి ఎంపిక చేసినవాళ్లకూ, పర్‌ఫ్యూజన్ లేదా ఎంఆర్‌ఐ చూసి ఎంపిక చేసినవాళ్లకూ ఫలితాలు దగ్గరదగ్గరగానే వచ్చాయి. అది జరిగినదాన్ని గమనించిన అధ్యయనమే, చీట్లు వేసి విడదీసింది కాదు. 2023లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఎంఆర్ క్లీన్-లేట్ మాత్రం చీట్లు వేసి చేసిందే. అందులో 6 నుంచి 24 గంటల మధ్య వచ్చినవాళ్లను సీటీ యాంజియోలో పక్క నాళాల ఊట కనిపిస్తే చాలని తీసుకున్నారు. గడ్డ తీయడం వల్ల మేలు జరిగింది. అదే ఏడాది వచ్చిన టెన్షన్ పరిశోధన, మెదడు చాలా భాగం దెబ్బతిన్నవాళ్లను ఎక్కువగా మామూలు సీటీతోనే ఎంచుకుని 12 గంటల్లోపు గడ్డ తీసి మేలు చూపించింది.

నా వాదనకు ఎదురు నిలిచే ఫలితమూ ఒకటి ఉంది. నిద్రలో పక్షవాతం వచ్చి, లేచేసరికి చెయ్యి పడిపోయి ఉన్నవాళ్లకు ఎప్పుడు మొదలైందో తెలియదు. అలాంటి వాళ్లలో ఎంఆర్‌ఐ చూసి ఎంచి సూది వేస్తే మేలు జరిగిందని 2018లో వేక్-అప్ పరిశోధన చూపించింది. సూది పడినవాళ్లలో 53 శాతం, పడనివాళ్లలో 42 శాతం మంచి స్థితికి వచ్చారు. అలాంటివాళ్లనే మామూలు సీటీ ఒక్కదానితో ఎంచి, టెనెక్టెప్లేజ్ అనే మరో గడ్డ కరిగించే సూది వేసిన ట్విస్ట్ పరిశోధన 2023లో మేలు చూపించలేకపోయింది. కాబట్టి వేళ తెలియని రోగికి ఎంఆర్‌ఐ ఉన్న ఊరికి పోవడం సరైన పనే. వేళ తెలిసిన రోగిని ఆయనతో పాటు అదే బండి ఎక్కించడమే తప్పు.

"నంద్యాలలో ఆగితే ఆ తర్వాత పెద్ద చికిత్స ఆలస్యమవుతుంది కదా" అనేవాళ్లకు స్పెయిన్‌లోని కాటలోనియా జవాబు ఉంది. అక్కడ పట్టణాలకు దూరంగా ఉన్న రోగులను, పెద్ద నాళం పూడుకుందని అనుమానం ఉన్నప్పుడు, సగం మందిని దగ్గరి ఆసుపత్రికి, సగం మందిని నేరుగా గడ్డ తీసే పెద్ద కేంద్రానికి పంపి చూశారు. 2022లో ఫలితం వచ్చింది. మూడు నెలల తర్వాత రెండు వర్గాల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే అక్కడి దగ్గరి ఆసుపత్రి చీటీ రాసి పంపే ఆసుపత్రి కాదు. సీటీ తీసి, వెంటనే సూది వేసి, పంపాల్సినవాళ్లను నిమిషాల లెక్కన పంపే ఆసుపత్రి. నంద్యాల అలా కావాలి. మామూలు సీటీ తీసిన అదే బల్లమీద, సూది పడ్డాక, రంగుమందు ఎక్కించి యాంజియో తీస్తే పెద్ద నాళం పూడుకుందో లేదో తెలుస్తుంది. పూడుకుంటే అప్పుడు కర్నూలైనా హైదరాబాదైనా బండి ఎక్కించాలి, ఆ బొమ్మలు బండికంటే ముందే ఫోన్‌లో అక్కడికి చేరాలి.

"నంద్యాలలో రాత్రీ పగలూ న్యూరాలజిస్టు ఎక్కడ దొరుకుతాడు" అని చివరగా అడుగుతారు. హిమాచల్ ప్రదేశ్‌కు కొండ దారులు, మంచు. 2014లో అక్కడ సీటీ ఉన్న జిల్లా స్థాయి ఆసుపత్రుల్లోని మామూలు వైద్యులకు శిక్షణ ఇచ్చారు. స్కాన్ బొమ్మలు స్మార్ట్‌ఫోన్‌లో షిమ్లా, టాండా వైద్య కళాశాలల న్యూరాలజిస్టులకు పోయేవి. వాళ్లు సరేనంటే ఇక్కడి వైద్యుడే సూది వేసేవాడు. మందు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది. మన దగ్గర ఇలాంటి పనికి దారి ఇప్పటికే పడింది. గుండెపోటు కోసం మన రాష్ట్రం 2023లో స్టెమీ కార్యక్రమం మొదలుపెట్టింది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీ పెద్దాసుపత్రి నిపుణుడి ఫోన్‌కు పోతుంది, ఆయన చెబితే చిన్న ఆసుపత్రిలోనే టెనెక్టెప్లేజ్ సూది పడుతుంది. నలభై వేల రూపాయల పైన పలికే సూది, పేదవాడికి ఉచితం. అదే టెనెక్టెప్లేజ్‌ను పక్షవాతానికి వాడటానికి మన దేశంలో అనుమతి ఉంది. పక్షవాతంలో అది ఆల్టెప్లేజ్‌కు తీసిపోదని 2022లో కెనడా పరిశోధన తేల్చింది. గంటసేపు చుక్కచుక్కగా ఎక్కించే పని లేదు, ఒక్కసారిగా వేసేయొచ్చు. మోతాదు మాత్రం గుండెకిచ్చేదాంట్లో దాదాపు సగం, అది గుర్తుంచుకోవాలి. గుండెకు వేసే ముందు ఈసీజీ, మెదడుకు వేసే ముందు సీటీ. తేడా అంతే. ఈసీజీ యంత్రం ఆళ్లగడ్డలో ఉంటుంది, సీటీ నంద్యాలలో ఉంటుంది, ఇద్దరు రోగులనూ చూడగలిగిన నిపుణుడు ఫోన్‌లో ఉంటాడు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. అయినా పక్షవాతం రోగికి నంద్యాల ఇంకా కర్నూలు దారిలో బండి మారే చోటుగానే మిగిలింది. స్టెమీ జాబితాలో గుండె పక్కన మెదడును కూడా రాయాలని, నంద్యాలలో సీటీ గది పక్షవాతం రోగి వచ్చిన క్షణాన ఖాళీ కావాలని, సూది ఆ గది పక్క బీరువాలోనే ఉండాలని ఈ జిల్లా ప్రజలు అడగాలి. ఆళ్లగడ్డ వైద్యుడు చీటీ రాస్తూనే నంద్యాలకు ఫోన్ చేయాలి. ఎంఆర్‌ఐ, మెడ నాళాల పరీక్ష, గుండె ఎకో, ఇవన్నీ రెండో రోజు పనులు. ఆ రోజున వాటి విలువ చాలా పెద్దది. మనవాళ్లలో పుర్రె లోపలి ధమనుల పూడికే ఎక్కువగా కనిపిస్తోందని నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం హైదరాబాదు రోగుల లెక్కలతో ఎప్పుడో చెప్పింది. మళ్లీ పక్షవాతం రాకుండా ఏ మందు ఎంతకాలం వాడాలో ఆ బొమ్మలే చెబుతాయి.

అంబులెన్సులో ఎక్కేవాళ్లు ఫైళ్లకంటే ముందు తీసుకురావాల్సింది ఒకటుంది. ఆఖరుసారి ఆ మనిషి బాగుండగా ఎవరు, ఎప్పుడు చూశారో ఆ సంగతి. "పొద్దున ఆరింటికి లేపితే లేవలేదు సార్, రాత్రి పది నుంచి పడుకునే ఉన్నాడు" అంటే గడువు రాత్రి రెండున్నరకే తీరిపోయినట్టు రాసుకుంటారు. కాస్త ఆగి అడగాలి. మధ్యలో లేచాడా, ఎవరితోనైనా మాట్లాడాడా? అప్పుడు భార్యకు గుర్తొస్తుంది, నాలుగింటికి లేచి బర్రెకు మేత వేసి, చలిగా ఉందని చెప్పి మళ్లీ పడుకున్నాడని. అంటే ఎనిమిదిన్నర దాకా వేళ ఉంది. నంద్యాలలో సీటీ గది తలుపు తీసి ఉంటే చాలు.